కాపలా ఓడలో ఎల్కానా, ఊళ్లో పేరు లేని పిల్ల

యుద్ధం అయిపోయాక మా ఊళ్లో కనిపించిన ప్రతివాడూ ఎల్కానా డోన్‌ని ఒకటే అడిగేవాడు. "నేవీలో ఆఫీసరుగా పోయావు కదా, ఏం చేశావయ్యా యుద్ధంలో?"

"ఊగాను," అనేవాడు ఎల్కానా. "అటొకసారి, ఇటొకసారి. ఇంకేం చెయ్యలేదు."

వాళ్లు పగలబడి నవ్వేవారు. అతను నవ్వేవాడు కాదు. జోకు చెబితే కదా నవ్వడానికి.

యుద్ధానికి ముందు ఎల్కానాది రెండు తెరచాపల స్కూనర్ పడవ. బోస్టన్‌కి చేపలు తీసుకెళ్లి ఉప్పు తెచ్చేవాడు. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ లడాయి మొదలయ్యాక నేవీకి ఆఫీసర్లు చాలక, సముద్రం తెలిసిన ప్రతివాడికీ ఒక నీలం కోటు తొడిగి పంపేశారు. ఫిరంగులు, పొగ, విజయం అనుకుంటూ పోయాడు పాపం. తీరా ఎక్కించింది కటౌమెట్ అనే ఓడ. అంతకుముందు అది న్యూయార్కులో జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించే పడవ. దానికి నాలుగు ఫిరంగులు బిగించి, నల్లరంగు పూసి, కేప్ ఫియర్ నది నోటి దగ్గర లంగరు వేయించారు. నదిలో పైకి పోతే విల్మింగ్టన్ రేవు. దక్షిణాదివాళ్లకి బయటి నుంచి తుపాకులూ బట్టలూ మందులూ ఆ వాకిట్లోంచే వెళ్లాలి. ఆ వాకిలికి అడ్డంగా పడుకోవడమే కటౌమెట్ పని.

చదును అడుగు పడవ కదా, చిన్న అలకే పిచ్చెక్కినట్టు ఊగేది. అన్నం ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినాలి. గడ్డం గీసుకోబోతే చెవి తెగుతుంది. పగలంతా ఎండలో లంగరు, చీకటి పడ్డాక ఒడ్డుకి దగ్గరగా పాక్కుంటూ వెళ్లడం, తెల్లారేసరికి ఒడ్డునున్న దక్షిణాదివాళ్ల కోట ఫిరంగులకి అందకుండా మళ్లీ వెనక్కి రావడం. రోజూ అంతే. కాపలా తప్పించుకుని సరుకు చేరవేసే దొంగ ఓడలు వచ్చేవి వస్తూనే ఉన్నాయి, పోయేవి పోతూనే ఉన్నాయి. బూడిదరంగు పూసుకుని, పొగరాని గట్టి బొగ్గు కాల్చుకుంటూ, పిల్లిలా పక్కనించే జారిపోయేవి.

తిండి సంగతి చెప్పకూడదు. ఉప్పేసిన గొడ్డుమాంసం, పురుగులతో కలిపి బిస్కట్లు, చిక్కుళ్లు. కూరగాయల పేరుతో ఎండబెట్టి నొక్కిన పలకలు. నానబెడితే అందులో క్యాబేజీ ఏదో, గోనెపీచు ఏదో కనిపెట్టిన మగాడు లేడు. పోనీ ఒక గుక్క రమ్ము వేసుకుని కష్టం మరిచిపోదామంటే, ఎల్కానా ఓడెక్కిన నెలలోనే నావికులకి రమ్ము బంద్ అని వాషింగ్టన్ నుంచి హుకుం వచ్చింది. "నా జాతకం చూడు," అనేవాడు ఎల్కానా. "నేను అడుగుపెట్టగానే సీసాకి బిరడా పడింది."

వీటన్నిటినీ పళ్లు బిగించి భరించేవాడే. భరించలేనిది వేరే ఉంది.

ఎల్కానా ఓడెక్కేటప్పటికి అతని భార్య హిట్టీకి ఆరో నెల. నవంబరులో ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి అతనికి జనవరిలో తెలిసింది. పిల్ల బోర్లా పడింది, పాకింది, కుర్చీ పట్టుకుని నిలబడింది. ఒక్కటీ చూడలేదు. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లకింకా పేరు పెట్టలేదు.

మా ఊళ్లో ఆచారం ఏమిటంటే, బాప్తిస్మం రోజు చర్చిలో తండ్రి పిల్లని ఎత్తుకుని నిలబడి పేరు పలకాలి. తండ్రి సముద్రం మీద ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లెవరో వాళ్లు పలుకుతారు. వాళ్లు పలికిందే పేరు. తండ్రి ఉత్తరంలో రాసి పంపితే చెల్లదు. మావాళ్లంతా సముద్రం మీద బతికేవాళ్లాయె, అందుకే ఊళ్లో సగంమందికి అమ్మమ్మలూ నాయనమ్మలూ పెట్టిన పాతకాలం పేర్లే. ఎల్కానాకి ఆ పేరు పెట్టింది కూడా నాయనమ్మే, తండ్రి చేపల వేటకి పోయినప్పుడు. చిన్నప్పుడు బళ్లో ఆ పేరు పట్టుకుని అందరూ ఏడిపించేవారు. అందుకని పెళ్లి కాకముందే ఒట్టేసుకున్నాడు, నా పిల్లలకి నేనే పేరు పెడతానని. ఆడపిల్లయితే లిడియా. వాళ్లమ్మ పేరు. అతను పద్నాలుగేళ్లకి మొదటిసారి పడవెక్కి పోయినప్పుడు కన్నుమూసిందావిడ. తిరిగొచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

ఇంట్లో పెద్దదెవరంటే, అత్తగారు జెరూషా. ఓడ కెప్టెన్ భార్య, వితంతువు, ఊరందరికీ హడల్. ఆవిడ పెట్టబోయే పేరేమిటో చెప్పక్కర్లేదు.

హిట్టీ ఏవో సాకులు చెప్పి ఏడాది నెట్టుకొచ్చింది. దగ్గంది, జలుబంది, ఆయన వచ్చేస్తున్నాడంది. ఎల్కానా సెలవు అడిగాడు. ఒకసారి కాదు, ఆరుసార్లు.

కెప్టెన్ హేవెన్స్ నేవీ బళ్లో చదువుకున్న మనిషి. ఓడ మీది ఇత్తడి సామాను మెరవకపోతే ఆయనకి అన్నం దిగదు. ఆరుసార్లూ ఒకటే జవాబు. "మిస్టర్ డోన్, మీ బదులు ఎవర్నిస్తారు? చేపనా?"

ఇంటికెళ్లే దారి ఒక్కటే ఉంది. దొంగ ఓడ ఏదైనా దొరికితే దాన్ని ఉత్తరాదికి తీసుకెళ్లి కోర్టుకి అప్పజెప్పాలి. అందుకు ఒక ఆఫీసరు, నలుగురు నావికులు. అక్కడి కాపలా ఓడలు పట్టినవి ఎక్కువగా బోస్టన్‌కే పోయేవి. బోస్టన్ నుంచి మా ఊరు ఒక పూట దూరం. ఎవరు తీసుకెళ్లాలన్నది వంతు ప్రకారం. ఆఫీసర్ల భోజనాల గదిలో పలక మీద అయిదు పేర్లు సుద్దతో రాసి ఉండేవి. మిగతావాళ్లు ఓడ దొరికితే వచ్చే బహుమతి గురించి కలలు కనేవారు. ఎల్కానా ఆ పలక గురించి కలలు కనేవాడు. జనవరి నుంచి అతని పేరే పైన ఉంది. జనవరి నుంచి కటౌమెట్ ఒక్క ఓడ పట్టలేదు.

"నీ పేరు కిందకి దిగితే గానీ మాకు అదృష్టం పట్టదయ్యా డోనూ," అనేవాడు మెక్‌గర్క్. ఇంజను చూసుకునే ఐరిష్‌వాడు. "శనిలా కూర్చున్నావ్ పైన."

"నీ ఇంజను మనిషి నడకంత వేగంగా పోతే ఎప్పుడో దిగేవాణ్ణి."

"నా ఇంజన్ని అనకు. నన్నను, పడతాను. దాన్ననకు."

అలా సెప్టెంబరు ఆఖరుకొచ్చింది. ఉత్తరాలూ తాజా కూరలూ తెచ్చే సరుకుల ఓడ రెండు వారాలు ఆలస్యం. అందరి కళ్లూ కాయలు కాశాయి. ఒకరోజు తెల్లవారాక, పల్చటి పొగమంచులో, ఉత్తరం నుంచి ఒక ఓడ వస్తోంది. డెక్కు మీద కాపలా ఎల్కానాదే.

"ఉత్తరాలు!" అని ఎవడో కేకేశాడు.

అంతే. వంటవాడు గరిటెతో సహా పైకొచ్చాడు. ఉర్లగడ్డలు, ఉల్లిపాయలు అని ఒకటే గోల. ఇంటికి పంపే ఉత్తరాల సంచి రెయిలింగు మీదకి ఎక్కించేశారు. పడవ దింపడానికి తాళ్లు విప్పేశారు. ఎల్కానాకి ఆ ఓడలో హిట్టీ చేతిరాత తప్ప ఇంకేం కనిపించడం లేదు. టోపీ తీసి ఊపాడు. ఆ ఓడలోవాళ్లూ టోపీలు ఊపారు. ఒకాయన రుమాలు కూడా ఊపాడు. మూడొందల గజాల దూరంలో, ఎంతో మర్యాదగా పక్కనించి వెళ్తోంది.

పొగగొట్టానికి రంగు వేస్తున్న సైరస్ మూర్ అనే నావికుడు కుంచె కింద పడేశాడు. సైరస్ ఆ నది ఒడ్డున బానిసగా పుట్టి, ఓడలకి దారి చూపే పైలట్ పడవకి తెడ్డు వేసి, ఒకరోజు ఆ పడవతోనే పారిపోయి వచ్చి నేవీలో చేరినవాడు. ఆ నీళ్లలో ఇసుక ఎక్కడుందో, లోతెక్కడుందో అతనికి అరచేతి గీతల్లా తెలుసు.

"డోన్ గారూ! దానికి పొగేదండీ? మన సరుకుల ఓడ ఊరంతా తగలబడ్డట్టు పొగేస్తుంది కదా! పొగేది?"

పొగ లేదు. ఆ మాట ఎల్కానా బుర్రలోకి దిగేలోపు ఆ ఓడ గిరుక్కున తిరిగి నది నోట్లోకి దూరింది. వీళ్లు మూడు గుళ్లు పేల్చారు. మూడూ చేపలకి తగిలాయి. కోట మీదున్న దక్షిణాదివాళ్లు చప్పట్లు కొడుతుంటే ఓడదాకా వినపడిందని మెక్‌గర్క్ చెబుతాడు గానీ, అతను చెప్పేవన్నీ నమ్మక్కర్లేదు.

కెప్టెన్ హేవెన్స్ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మిస్టర్ డోన్, మీరు చెయ్యి ఊపారా?"

"ఊపానండీ."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యండీ."

"టోపీతోనా, ఉత్తిచేతితోనా?"

"టోపీతోనండీ."

"చాలా మర్యాదస్తులు. రికార్డులో రాయించాలి కదా, అందుకడిగాను." అంటూ భోజనాల గదిలోకి వెళ్లి, చేతిగుడ్డతో పైనున్న పేరు తుడిచేసి అయిదో స్థానంలో రాశాడు. గుండ్రటి అక్షరాలతో, చక్కగా. ఎల్కానా ఆ పలక వంక చూశాడు. తొమ్మిది నెలలు పైన కూర్చున్న పేరు. ఒక్క టోపీ ఊపుతో అడుక్కి.

పాలతో మూతి కాలినవాడు మజ్జిగ ఊదుకుని తాగినట్టు, ఆ తర్వాత ఎల్కానాకి ప్రతి ఓడా దొంగ ఓడలాగే కనిపించింది. అక్టోబరులో మళ్లీ ఒక తెల్లవారుజామున ఓడ ఒకటి వచ్చింది. పొగ బాగానే ఉంది. జెండా ఊపింది. ఈలేసింది. "నన్ను రెండోసారి వెర్రివాణ్ణి చేద్దామనే!" అని ఎల్కానా దాని ముక్కు ముందు గుండు పేల్చించాడు. అది నిజంగానే సరుకుల ఓడ. దాని కెప్టెను బూతులు తిడుతూ ఓడ తిప్పుకుని దక్షిణాన ఉన్న మిగతా ఓడల దగ్గరికి పోయాడు. కటౌమెట్‌కి రావలసిన ఉత్తరాలూ ఉల్లిపాయలూ కళ్ల ముందే అవతలికి పోయాయి.

ఆ వారమంతా వంటవాడు ఎల్కానా ప్లేట్లో ఎండు కూరగాయల పలక నానబెట్టకుండానే పెట్టాడు.

"ఇదేంటి?" అన్నాడు ఎల్కానా.

"మీరు కాల్చిన గుండండీ. వెనక్కొచ్చింది," అన్నాడు వంటవాడు.

నవంబరు మొదట్లో బొగ్గు కోసం బోఫోర్ట్ రేవుకి పోయినప్పుడు ఉత్తరాలు దొరికాయి. హిట్టీ రాసింది నాలుగే ముక్కలు. ఇక ఆపలేను. అమ్మ బాప్తిస్మం గౌనుకి రిబ్బన్ కూడా కొనేసింది. థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాత వచ్చే ఆదివారం పాస్టరు గారికి చెప్పేసింది. నువ్వు వస్తే నువ్వు, రాకపోతే అమ్మ.

అంటే మూడు వారాలు. పలక మీద అయిదో పేరు.

మర్నాడు మధ్యాహ్నం ఎల్కానా రెయిలింగుకి ఆనుకుని ఆ కాగితాన్ని పదోసారి చదువుతున్నాడు. పక్కన సైరస్ తుప్పు గీకుతున్నాడు.

"అక్షరాలు అరిగిపోతాయండీ," అన్నాడు సైరస్.

"జెరూషా అంట, సైరస్! ఆ పేరు పిలిస్తే మా వీధిలో కుక్కలు కూడా ఇంట్లోకి పోతాయి. పెళ్లప్పుడు నా వైపు చూసి ఏమందో తెలుసా? 'మనిషి పొట్టిగా ఉన్నా తెరచాప పొడుగ్గానే ఉందిలే' అంది. నలుగుర్లో! రేపు నా కూతుర్ని నేనే ఆ పేరెట్టి పిలుచుకోవాలి. అసలు ఈ నేవీకి బుద్ధుందా? ఈ కెప్టెన్‌కి పిల్లలున్నారా? ఇత్తడి మీద ఉన్న ప్రేమ మనుషుల మీద..."

సైరస్ గీకడం ఆపలేదు. "మీ పిల్లకి పేరు పెట్టడానికి ఎంతమంది కొట్టుకుంటున్నారండీ?"

"నేనూ, మా అత్తా."

"ఇద్దరా. మంచిదే." కొంచెంసేపు గీకాడు. "నాకూ ఓ కూతురుందండీ. ఈ నదిలో ముప్పై మైళ్లు పైకి. వాళ్లమ్మా అక్కడే. పిల్ల పుట్టిన వారంలోనే దొర కొట్టంలో గుర్రమొకటి చచ్చింది. ఆ పేరు ఖాళీ అయింది కదాని మా పిల్లకి పెట్టాడు. నన్నెవరూ అడగలేదు."

 ఆ పేరేమిటో అతను అడగలేదు, సైరస్ చెప్పలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఇంకో గీకుడు కత్తి తీసుకుని సైరస్ పక్కన కూర్చున్నాడు. ఆఫీసర్లు తుప్పు గీకకూడదని నేవీలో రూలేదో ఉంది. ఆ రోజు కెప్టెన్ అటుగా వెళ్తూ చూశాడు, చూడనట్టు పోయాడు. పద్నాలుగు నెలల్లో ఆయన చేసిన ఒకే ఒక్క మంచిపని అదేనని ఎల్కానా తర్వాత చెప్పేవాడు.

రెండు రోజులకి పొగమంచు విడేసరికి, కటౌమెట్‌కి అరమైలు దూరంలో ఒక స్కూనర్ గాలిలేక నిలబడిపోయి కనిపించింది. దొంగ పడవే. దక్షిణాన దీవుల్లోని నసావు రేవు నుంచి ఉప్పు వేసుకుని వస్తోంది. ఒక్క గుండు పేల్చకుండానే జెండా దించేసింది. పాపం దించబోతే ఆ తాడూ తెగింది.

అందరూ దాన్ని చూసి మొహాలు వేలాడేశారు. నలభయ్యేళ్ల ముసలి పడవ. అడుగు చెక్కల మధ్య వేలు పెట్టొచ్చు. తెరచాపల్లో గుడ్డకన్నా అతుకులెక్కువ. పంపు ఆపితే నీళ్లు మోకాళ్లదాకా వచ్చేస్తున్నాయి.

"మనుషుల్ని దించేసి తగలబెట్టండి," అన్నాడు కెప్టెన్.

ఎల్కానా పరిగెత్తుకెళ్లాడు. "అయ్యా, తగలబెట్టకండి! అది నడుస్తుంది!"

"వంతు మీది కాదు, మిస్టర్ డోన్."

వంతు లాటిమర్ది. న్యూయార్కులో పెద్దింటి కుర్రాడు, చేతిరుమాలుకి సెంటు రాసుకునే రకం. దాన్ని ఓసారి చూసి ముక్కు మూసుకున్నాడు. "నన్ను క్షమించండి సార్. స్టీమరు దొరికేదాకా ఆగుతాను. దారిలో హాటరస్ దగ్గర తుపానుకి ఇది శవపేటికే." రెండోవాడు ఈత రాదన్నాడు. మూడోవాడికి కడుపునొప్పి. నాలుగోవాడు నవ్వాడంతే.

కెప్టెన్ ఎల్కానా వైపు తిరిగాడు. "మీరు చచ్చిపోతే నాకు బోలెడు కాగితాలు రాయాల్సి వస్తుంది."

"నేను పుట్టి పెరిగింది ఇలాంటి డొక్కుల్లోనేనండీ. కటౌమెట్ కన్నా ఇదే నయం. కనీసం దీన్ని సముద్రం మీద తిరగడానికే కట్టారు."

కెప్టెన్ మొహం ఎర్రబడింది. కానీ సంతకం చేశాడు. "బోస్టన్. కోర్టుకి అప్పగించేదాకా పడవ దిగకూడదు. ఒక్క నిమిషం కూడా. ఇది హుకుం."

నలుగురు కావాలంటే నలుగురు దొరికారు. ఎల్కానా సైరస్‌ని కూడా పిలిచాడు. "రావయ్యా, తాజా రొట్టె తిందువుగాని. మా హిట్టీ చేస్తుంది."

సైరస్ తల అడ్డంగా ఊపాడు. "నేను రానండీ. ఈ వాకిలి ఏదో ఒకరోజు తెరుచుకుంటుంది కదా. ఆ రోజు నేను గుమ్మంలోనే ఉండాలి." పడవ తాడు విప్పి ఎల్కానా చేతిలో పెట్టాడు. "మీరెళ్లి పేరు పెట్టండి."

ఆ ప్రయాణం గురించి ఎల్కానా చెబితే పొద్దుగూకేది. రెండేసి గంటలకొకడు పంపు కొట్టారు. ఆఫీసరూ కొట్టాడు. హాటరస్ దగ్గర గాలి మూడు రోజులు కిందా మీదా పెట్టింది. ముందు తెరచాప సగానికి చిరిగి సముద్రానికి అర్పణమైంది. అయితే ఒక వింత జరిగింది. కారే నీళ్లన్నీ అడుగున ఉన్న ఉప్పులోకి పోయి, ఉప్పు కరిగి, ఆ ఉప్పునీళ్లు పంపులోంచి బయటికి పోతున్నాయి. రోజురోజుకీ సరుకు తగ్గుతోంది, పడవ తేలికవుతోంది, పైకి లేస్తోంది.

"ఇలా అయితే బోస్టన్ చేరేసరికి సరుకేం మిగలదండీ," అన్నాడు ఒక నావికుడు.

"మనం మిగిలితే చాల్లే, కొట్టు."

ఇరవయ్యో రోజు శనివారం మా ఊరున్న కేప్ కాడ్ తీరం కనపడింది. కానీ వాయవ్యం నుంచి ఎదురుగాలి. ఒక తెరచాప లేదు. బోస్టన్ వైపు ఒక గజం పోతే రెండు గజాలు వెనక్కి కొడుతోంది. చేతులు బొబ్బలెక్కి నావికులు నిలబడలేకపోతున్నారు. ఏదో ఒక రేవులోకి దూరాల్సిందే. దూరడానికి ఊళ్లు బోలెడున్నాయి, నిజమే. కానీ కళ్లు మూసుకుని తీసుకెళ్లగలిగింది ఒక్కటే.

ఆదివారం పొద్దున, పోటు మీద, ఆ ముసలి స్కూనర్ మా ఊరి రేవులోకి వచ్చింది. చర్చి గంట కొడుతోంది. మా రేవు సంగతి తెలుసుగా, పోటు తీసిందంటే అంతా బురదే. రెండు గంటల్లో బయటపడకపోతే మళ్లీ పోటుదాకా కదలదు.

చర్చికి వెళ్తున్నవాళ్లంతా రేవుకి పరిగెత్తారు. ముందు హిట్టీ, చంకలో పిల్ల. వెనకాల నల్లబట్టల్లో, చేతికర్రతో, జెరూషా.

"హిట్టీ!" అని అరిచాడు ఎల్కానా పడవలోంచి.  పిల్ల ఆ గడ్డాన్నీ ఆ అరుపునీ చూసి గుక్కపెట్టి ఏడ్చింది.

"దిగు త్వరగా! పాస్టరు గారు ఎదురుచూస్తున్నారు!"

"దిగకూడదే! కోర్టుకి అప్పగించేదాకా పడవ వదలకూడదు, హుకుం! పంపు ఆగితే ఇక్కడే మునిగిపోతుంది, మావాళ్లు నిలబడలేకపోతున్నారు. పాస్టరు గార్నే ఇటు తీసుకురా!"

"బాప్తిస్మం చర్చిలో జరగాలి," అంది జెరూషా. "బురదలో కాదు."

ఎల్కానాకి పద్నాలుగు నెలల కోపం ఒక్కసారి పొంగింది. "అయితే వెళ్లి నువ్వే పెట్టుకో అత్తయ్యా! నీకు కావాల్సింది అదేగా! ఏడాది నుంచి ఊగాను, పురుగులు తిన్నాను, పదడుగుల దూరానికొచ్చి మళ్లీ ఊగుతున్నాను. పో, పెట్టుకో!"

 జెరూషా అతన్ని చూసింది. పడవని చూసింది. అతని అరచేతులు చూసింది, అవి చేతుల్లా లేవు. తర్వాత చేతికర్ర పక్కన పెట్టింది. టోపీ తీసి హిట్టీ చేతికిచ్చింది. నల్లబట్టల చేతులు మోచేతుల దాకా మడిచి, రేవు నుంచి పడవకి వేసిన చెక్కపలక మీదుగా పడవలోకి దిగింది.

"తప్పుకో అల్లుడూ."

"ఏంటి అత్తయ్యా?"

"మా ఆయనతో పద్దెనిమిదేళ్లు ఓడ మీద తిరిగాను. పంపు కొట్టడం నాకు నేర్పకు. పడవని వదలకూడదు అన్నారు, అంతేగా? పడవ మునక్కుండా చూసుకునే మనిషి లేకుండా వదలకూడదని దానర్థం. నేనున్నాను. పో. పోటు ఆగదు."

ఆవిడ పంపు పిడి పట్టుకుంది. ఎత్తింది, దించింది. ఆ దెబ్బకి వచ్చిన నీళ్లు చూసి నావికులు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

ఎల్కానా పరిగెత్తాడు. చర్చి మెట్లెక్కేటప్పుడు బూట్లలోంచి నీళ్లు బుడుక్ బుడుక్‌మన్నాయి. పిల్ల ఏడుపు ఆపలేదు. ఉప్పు పేరుకున్న కోటుతో, చిరిగిన చేతులతో ఎత్తుకుని నిలబడ్డాడు. పాస్టరు గారు "పేరు?" అన్నారు. "లిడియా," అన్నాడు. ఊరంతా విన్నారు. రేవులో పంపు చప్పుడు చర్చిలోకి వినపడుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి నీళ్లు ఒడ్డునించి జారుతున్నాయి. జెరూషా జుట్టు ముడి ఊడిపోయి, మొహం ఎర్రబడి, ఇంకా కొడుతూనే ఉంది.

"ఏం పెట్టావ్?" అంది పంపు ఆపకుండా.

"లిడియా అత్తయ్యా," అన్నాడు, దెబ్బకి సిద్ధపడుతూ.

ఆవిడ ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి పిడి వదిలింది. నడుం నిమురుకుంది. "మంచిదే పెట్టావు. నా పేరు మా అమ్మమ్మ పెట్టింది. అరవై ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. నచ్చి మోస్తున్నాననుకున్నావా?"

"మరి రిబ్బనూ అదీ..."

"నేనలా బెదిరించకపోతే నువ్వొచ్చేవాడివా?" అని పలకెక్కి ఒడ్డుకి వెళ్లిపోయింది.  నిజంగా అతన్ని రప్పించడానికే బెదిరించిందో, అతని చేతులు చూసి మనసు కరిగి ఈ మాట ఇప్పుడల్లిందో, ఆవిడ చచ్చేదాకా తేలలేదు.

హిట్టీ ఒక బుట్ట రొట్టెలూ ఒక సంచి ఉల్లిపాయలూ పడవలో పెట్టింది. ఎల్కానా పిల్ల తల వాసన చూసి ఇచ్చేశాడు. అంతా కలిపి గంటా ముప్పావు.

బోస్టన్ కోర్టులో గుమాస్తా కాగితాలు చూసి, పడవలోకి చూసి, "ఉప్పేదండీ?" అన్నాడు. "సముద్రంలో. ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే పోయింది," అన్నాడు ఎల్కానా. దారిలో ఎక్కడైనా ఆగారా అని అడిగాడు. ఎదురుగాలికి ఒక రేవులో ఆగామన్నాడు. పడవని ఎవరి చేతిలో వదిలావని గుమాస్తా అడగలేదు, ఇతను చెప్పలేదు.

ఆ ఉల్లిపాయల సంచి మోసుకుని జనవరిలో కటౌమెట్ ఎక్కాడు. పలక మీద అతని పేరు మళ్లీ అయిదోదే. ఓడ ఊగుతూనే ఉంది. సైరస్ రెయిలింగు దగ్గర నిలబడి నది నోటి వైపు చూస్తున్నాడు.

"పెట్టారా?"

"పెట్టాను. లిడియా."

"మీ నోటితోనే పలికారా?"

"నా నోటితోనే. మా అత్త పంపు కొడుతుంటే నేను పలికాను."

సైరస్ నవ్వాడు. ఆ పేరు నెమ్మదిగా రెండుసార్లు అనుకున్నాడు, నాలుక మీద ఎలా ఉంటుందో చూస్తున్నట్టు. ఎల్కానా సంచిలోంచి పెద్ద ఉల్లిపాయ ఏరి అతనికిచ్చాడు. ఇంకోటి తను తీసుకున్నాడు. ఇద్దరూ పచ్చిగానే కొరుక్కుంటూ, కళ్లు తుడుచుకుంటూ, ఆ మూసిన వాకిలి వైపు చూస్తూ నిలబడ్డారు.